ఎడమవైపు ముద్ద

విజయనగరంలో సంగీత కాలేజీ వెనక సందులో కూర్మనాథం గారి భోజన హోటలు ఉండేది. బోర్డు మీద అలా రాసి ఉండబట్టి హోటలు గానీ, లేకపోతే అది వాళ్ళ కాపురం ఇల్లే. ముందు గదిలో ఆరు పీటలు వేశారు. దాన్ని లోపలి పంక్తి అనేవారు. వీధి అరుగు మీద నాలుగు పీటలు వేశారు. దాన్ని ఏమీ అనేవారు కాదు. జంధ్యం ఉన్నవాళ్ళు లోపల, మిగతా ప్రపంచం అరుగు మీద.

అన్నం ఒకటే, కూర ఒకటే. తేడా ఏమిటంటే లోపలి పంక్తికి జగదీశ్వరి వడ్డించేది, అరుగు మీదికి ఆవిడ భర్త కూర్మనాథం పట్టుకెళ్ళేవాడు. వంటింట్లో బయలుదేరిన పులుసు ముందు గది దాటి, గడప దాటి అరుగు చేరేసరికి దానికీ వయసు మళ్ళేది. ఇంటి ఇల్లాలు గడప దాటి అరుగు మీద వడ్డించడం ఆ ఇంట లేదు. హోటలు పెట్టి పద్ధెనిమిదేళ్ళయినా, గడప అవతల ఎవరు ఎలా తింటున్నారో ఆవిడ కంటితో చూసి ఎరగదు.

కూర్మనాథానికి వేదం సగం వచ్చు, ఫిడేలు సగం వచ్చు, జ్యోతిషం పావు వంతు వచ్చు. అన్నీ కలిపినా ఒక జీవనం కాలేదు. భార్యకి వంట పూర్తిగా వచ్చు. అందుచేత హోటలు ఆయన పేర పెట్టారు.

జగదీశ్వరికి ఒక భయం ఉండేది. ఆవిడ పదేళ్ళ పిల్లగా ఉండగా, అన్నయ్య రంగూను వెళ్తూ, బండివాడు తొందరపెట్టాడని మజ్జిగన్నం తినకుండా విస్తరి ముందునుంచి లేచిపోయాడు. మళ్ళీ రాలేదు. అది జరిగి నలభై ఏళ్ళు దాటినా, ఎవరైనా మజ్జిగ పోసుకోకుండా లేస్తే ఆవిడకి కాళ్ళు చల్లబడేవి. గిన్నె పట్టుకుని వెంటపడి పోసేది. ఆ భయం మూలాన హోటలుకి మంచి పేరొచ్చింది. పేరు కూర్మనాథం గారిది, భయం ఆవిడది.

అరవై ఎనిమిదో సంవత్సరం వానాకాలంలో ఆ హోటలుకి జగన్నాధం వచ్చాడు. మారిషస్ కుర్రాడు. ఇరవై రెండేళ్ళుంటాయి. ఆ ఏడే వాళ్ళ దేశానికి స్వతంత్రం వచ్చిందిట. వచ్చిన స్వతంత్రంతో ఇతను ఫిడేలు నేర్చుకోడానికి విజయనగరం వచ్చాడు. ఊళ్ళో ఉన్నవాళ్ళంతా చదువుకి దొరల సీమకి పోవాలని కలలు కంటుంటే, విజయనగరాన్ని పై దేశంగా ఎంచుకుని ఓడెక్కి వచ్చిన మనిషిని చూడటానికి మొదటివారం జనం సందులోకి పని కల్పించుకుని వచ్చారు.

కూర్మనాథం గుమ్మంలోనే ఆపాడు.

"మీరేమిట్లు నాయనా?"

"మారిషసోళ్ళమండి."

"అది కాదు. ఇంటిపేరు?"

"సోములు. మా ముత్తాత పేరు. కాయితాల్లో ఆ పేరే రాసీసినారు."

"గోత్రం?"

"అదేటండి?"

కూర్మనాథం అరుగు చూపించాడు. కుర్రాడు సంతోషంగా కూర్చున్నాడు. కూర్మనాథం ఆ పూట అడ్డాకుల విస్తరి వేసి, అన్నం పెట్టి, అతను తినడం అయ్యాక వంటింట్లోకి రెండంగల్లో తిరిగొచ్చాడు. మొహం వెలిగిపోతోంది.

"ఏమేవ్, ఆ అబ్బాయి చిత్రాహుతి పెట్టాడు."

చిత్రాహుతి అంటే భోజనానికి ముందు విస్తరి పక్కన దేవతల పేర పెట్టే నాలుగు మెతుకులు. లోపలి పంక్తివాళ్ళు కుడివైపు పెట్టేవారు.

"పెట్టనీండి," అంది జగదీశ్వరి.

"కుడివైపు కాదు, ఎడమవైపు. అదీ మెతుకులు కాదు, నిండు ముద్ద. అంతా తిన్నాక చివర్న కళ్ళకద్దుకుని అది తిన్నాడు. నీకు తెలీదులే. ఇది ఎక్కడో లుప్తమైపోయిన శాఖ ఆచారం. ఇక్కడ పోయింది, ద్వీపంలో మిగిలింది."

"మాట చూస్తే మన అంట్లు తోమే మరిడమ్మ మాటలా ఉంది కదండీ."

"సముద్రపు గాలికి భాష పాడవుతుంది. ఆచారం పాడవదు."

మర్నాడు జగన్నాధానికి లోపలి పంక్తిలో ఆరో పీట వేశారు. ఓడ గుమాస్తా సోమయాజులవారిని సగానికి కొట్టేసి సోములు అని రాసుకున్నాడని కూర్మనాథం తేల్చేశాడు. కుర్రాణ్ణి ఇంకేమీ అడగలేదు. తెలియనివాళ్ళు కదా అడిగేది. పండితులు నిర్ణయిస్తారు.

అలా ఆ కుర్రాడు జగదీశ్వరి కళ్ళ ముందుకొచ్చాడు.

పద్ధెనిమిదేళ్ళలో ఆవిడ ఎంతోమంది తినడం చూసింది గానీ, అలా తినే మనిషిని చూడలేదు. లోపలి పంక్తిలో పెద్ద తలకాయ చంద్రశేఖరం మాస్టారు. హైస్కూల్లో సంస్కృతం చెప్పేవాడు. పదకొండేళ్ళుగా రోజూ ఉప్పు తక్కువైందనో ఎక్కువైందనో చెబుతూ, పదకొండేళ్ళుగా ఒక్క పూట మానలేదు. ఆయన పక్కన నరసింగరావు, జ్యూట్ మిల్లు గుమాస్తా. ఆయన తింటూ మిల్లు గురించి మాట్లాడేవాడు. ఏం తిన్నాడో ఆయన్ని చెప్పమంటే చెప్పలేడు.

ఈ కుర్రాడు అలా కాదు. వేడన్నం మీద కందిపొడి, నెయ్యి వేస్తే ముందు వాసన చూసేవాడు. ముద్ద నోట్లో పెట్టుకుని కళ్ళు మూసుకునేవాడు. అరటిదూటకి ఆవపెట్టిన కూర వడ్డించిన రోజున ఆవ ఘాటు ముక్కుకెక్కి కళ్ళవెంట నీళ్ళు కారిపోయాయి. జగదీశ్వరి కంగారుపడి మంచినీళ్ళు తెచ్చింది.

"వద్దమ్మా, ఉండనీ," అన్నాడు ముక్కు ఎగబీలుస్తూ. "మా నాయనమ్మ సెప్పీది. ఆవకూరంటే ఏడిపించాలని. మా కాడ అలగ కుదరదు. నాను ఇన్నాళ్ళూ ఆవిడ గొప్పలు సెప్తందనుకున్నాను."

గుమ్మడికాయ దప్పళం రోజున ముక్క ముక్కకీ ఆగి, "ఇందులో బెల్లమేసినావా అమ్మా? ఎంతేసినావు? ఎప్పుడేసినావు?" అని అడిగేవాడు. ఆవిడ చెప్పేది. తన వంట గురించి తనని అడిగిన మొదటి మనిషి అతనే. చివరికి మజ్జిగ తనే అడిగి పోయించుకునేవాడు. ఆ తరవాత ఎడమవైపు పెట్టిన ముద్ద కళ్ళకద్దుకుని తినేవాడు. అది చూశాక గానీ జగదీశ్వరి వంటింట్లోకి వెళ్ళి తన అన్నం కలుపుకునేది కాదు.

శ్రావణం వెళ్ళి భాద్రపదం వచ్చేసరికి లోపలి పంక్తిలో ఆరుగురూ ఎడమవైపు ముద్ద పెడుతున్నారు. మొదట, అరుగు వడ్డనల మధ్య తనూ ఆ పంక్తిలోనే తినే కూర్మనాథం మొదలెట్టాడు. తరవాత నరసింగరావు. చంద్రశేఖరం మాస్టారు వారం రోజులు ఒప్పుకోలేదు. ఆచారం తప్పని కాదు, కనిపెట్టినవాడు కూర్మనాథమని. తరవాత దీని మీద పత్రికకి వ్యాసం రాస్తున్నానని ప్రకటించి, అందరికంటే పెద్ద ముద్ద పెట్టడం మొదలెట్టాడు. చూసేవాళ్ళకి ఆ పంక్తి ఆరుగురు ఋషుల్లా ఉండేది. ఏడోవాళ్ళు ఉంటే పూర్తయ్యేది గానీ పీటలు ఆరే.

నవ్వినది మరిడమ్మ ఒక్కతే. ఆవిడ ఆ ఇంట్లో అంట్లు తోమేది. పెరట్లో నూతి దగ్గర ఆవిడ చోటు. తిండీ అక్కడే.

"అమ్మగారూ, ఆ బాబు మాటాడుతుంటే మా నాయనమ్మ లేసొచ్చినట్టుంటాది. మా నర్సన్నపేట తట్టు మాటే. పంతులుగారికి సెవులెక్కడున్నాయి?"

"నీకెందుకే. బూడిద సరిగ్గా పెట్టి తోము."

కార్తీకంలో ఒక మధ్యాహ్నం జగన్నాధం భోంచేసి నూతి దగ్గర చెయ్యి కడుక్కుంటున్నాడు. జగదీశ్వరి వంటింట్లో రుబ్బురోలు దగ్గర మర్నాటికి ఆవ నూరుతోంది. కిటికీలోంచి మాటలు వినిపించాయి.

"బాబూ, ఆ ముద్ద ఎవులికి?" అంటోంది మరిడమ్మ.

"సిన్నతల్లికి."

"సిన్నతల్లెవులు?"

"మా ముత్తవ్వ జగ్గమ్మ కూతురు. ఓడెక్కినప్పుడు ఆ పిల్లకి జొరం. ఆరేళ్ళ పిల్ల. జొరమున్నోళ్ళని ఎక్కనివ్వమన్నారంట. రేవు కాడ ఒకావిడ సేతిలో పెట్టీసి, తరవాత ఓడలో పంపిస్తామన్నారంట. ఆకలితో దిగుతాదని జగ్గమ్మ పూటపూటకీ ఎడంపక్కన ఓ ముద్ద ఉంచీది. తినడం అయ్యేదాకా సూసి, రాకపోతే తనే తినీసేది. కూలి బియ్యం కదా, పారీలేరు. ఆవిడ పోయినా మేం మానలేదు."

"మరి రాలేదేటి?"

"ఇంకా రాలేదు," అన్నాడు జగన్నాధం, నిన్న రావలసిన రైలు గురించి చెప్పినట్టు.

మరిడమ్మ చేతిలో ఇత్తడి గిన్నె చప్పుడు ఆగింది.

"అయితే ఈ గడ్డ మీదే ఉండిపోనాది. బతికుంటే మాలాటోళ్ళకి ఎవులికో నాయనమ్మయి ఉంటాది. మీ పొలమెంత బాబూ?"

"పొలమేటి? సెరుకు కోసీవోళ్ళం. మా నాయన ఇప్పుడూ కోస్తాడు."

జగదీశ్వరి కొంగుతో కళ్ళు తుడుచుకుంది. చూసేవాళ్ళు ఎవరూ లేకపోయినా నేరం ఆవపిండి మీద వేసింది. అంతలోనే కాళ్ళు చల్లబడ్డాయి. ఈ మాట ముందు గదిలోకి వస్తే ఆరో పీట లేచిపోతుంది. కుర్రాడు అరుగు మీదికి పోతాడు. అరుగు ఎక్కడో లేదు, పది అడుగుల్లో ఉంది. కానీ ఆవిడ లెక్కలో ఆ గడప అవతల రంగూను ఎంత దూరమో అరుగూ అంతే దూరం. అక్కడ తిన్నాడో లేదో ఆవిడకి తెలీదు.

"నోరు జారకే," అంది మరిడమ్మతో.

"నా మాట ఇనీవోళ్ళెవులమ్మా, జారడానికి."

మర్నాడు కుర్రాడికి వడ్డిస్తూ, ఎవరూ వినకుండా, "ఎవరైనా ఆ ముద్ద సంగతి అడిగితే చెప్పకు నాయనా," అంది.

"ఏటికమ్మా?"

ఎందుకో చెప్పాలంటే ఆ ఇంటి సంగతంతా చెప్పాలి.

"పులుసు పోసుకో," అంది.

ఆ వచ్చిన ఆదివారం చంద్రశేఖరం మాస్టారి వ్యాసానికి ఒక్క వాక్యం తక్కువొచ్చింది. ముద్ద పెట్టేటప్పుడు ఏ మంత్రం చదువుతారో రాయాలి. ఊహించి రాద్దామని రెండు రోజులు చూశాడు. ఊహ అందకపోవడం చేత, నాలుగు నెలల్లో మొదటిసారిగా, ఆ కుర్రాణ్ణే అడగాలన్న ఆలోచన వచ్చింది.

"ఏం నాయనా, ఆ ఎడమవైపు పిండం ఉంచేటప్పుడు మీ ఇంట్లో ఏమని పఠిస్తారు?"

జగన్నాధం నోరు తెరిచాడు. జగదీశ్వరి గభాల్న గరిటెడు కంద బచ్చలికూర వేసింది.

"తిను నాయనా, చల్లారిపోతుంది."

అతను తిన్నాడు. మాస్టారు మళ్ళీ అడిగాడు. ఆవిడ అన్నం వేసింది. మాస్టారు గొంతు సవరించుకున్నాడు. ఆవిడ నెయ్యి వేసింది. అప్పడం వేసింది. ఇంకో అప్పడం వేసింది. విస్తట్లో ఖాళీ లేకుండా పోయింది గానీ మాస్టారి ప్రశ్న అలాగే ఉంది.

"నువ్వు కాస్త ఆగవమ్మా," అన్నాడాయన. "ఇది శాస్త్ర విషయం."

"మంత్రమేటీ లేదండి," అన్నాడు జగన్నాధం. "సిన్నతల్లి వస్తాదని పెడతాం. రాకపోతే తినీస్తాం." అని నూతి దగ్గర చెప్పిందంతా మళ్ళీ చెప్పాడు. జొరం, రేవు, తరవాత ఓడ, కూలి బియ్యం. దాచుకోవలసింది ఏమిటో అతనికి తెలిస్తే కదా దాచుకోడానికి.

ఐదు విస్తళ్ళ ఎడమవైపున ఐదు ముద్దలున్నాయి. వాటిని తినాలో, తీసెయ్యాలో, చేత్తో ముట్టుకోవాలో ఎవరికీ తెలియలేదు. అందరికంటే పెద్దది మాస్టారిది.

"అంటే కూర్మనాథం గారూ," అన్నాడాయన, "నాలుగు నెలల్నుంచీ మనం చెరుకు కూలి మనిషి కూతురికి అన్నం దాస్తున్నామన్నమాట."

"వ్యాసం పంపేశారా?" అన్నాడు కూర్మనాథం నీరసంగా.

"పంపలేదు."

"అదొక్కటీ మంచిదైంది."

నరసింగరావు ఒక్కడే తన ముద్ద నోట్లో వేసుకున్నాడు. ఆలోచించి కాదు, మిల్లు గురించి ఏదో చెబుతూ.

ఆ సాయంత్రమంతా కూర్మనాథం ప్రాయశ్చిత్తం కోసం పుస్తకాలు తిరగేశాడు. తాగకూడనిది తాగితే ఏం చెయ్యాలో ఉంది. తినకూడనిది తింటే ఏం చెయ్యాలో ఉంది. ఎవరో తప్పిపోయిన పిల్ల కోసం నాలుగు నెలలు వైదికంగా ముద్ద ఉంచితే ఏం చెయ్యాలో మాత్రం లేదు. ఇలాంటి తప్పు చేసేవాళ్ళు పుడతారని ఏ ఋషీ ఊహించినట్టు లేదు.

"రేపట్నుంచి ఆ అబ్బాయి అరుగు మీద," అన్నాడు వంటింటి గుమ్మంలో నిలబడి.

"నిన్నటిదాకా సోమయాజులన్నారు."

"నిన్న వేరు."

"ఆకలి అదే కదండీ."

"ఆకలి సంగతి కాదే. పంక్తి సంగతి. మాస్టారు మానేస్తానంటున్నాడు."

"పదకొండేళ్ళనుంచీ అంటున్నారు."

ఆయన మర్నాడు పీట అరుగు మీద వేశాడు.

జగన్నాధానికి అదేమిటో అర్థం కాలేదు. "ఇక్కడ గాలి బాగున్నాది," అన్నాడు. ఆ మాట గడప ఇవతలికి వినిపించింది. జగదీశ్వరి లోపలి పంక్తికి వడ్డిస్తూ చెవులు అటే పెట్టుకుంది. కూర్మనాథం ఒకసారి అన్నం పట్టుకెళ్ళాడు, ఒకసారి పులుసు పట్టుకెళ్ళాడు. తరవాత మాస్టారితో మాటల్లో పడ్డాడు. ప్రాయశ్చిత్తం గురించే. కాసేపటికి అరుగు మీద చెంబు చప్పుడైంది.

"మజ్జిగ పోశారా?" అంది జగదీశ్వరి.

"ఎవరికి?"

"జగన్నాధానికి."

"లేచిపోయాడు కాబోలు. ఫిడేలు పాఠం వేళయిందన్నాడు. పులుసుతో సరిపెట్టుకున్నాడులే."

ఆవిడ చేతిలో మజ్జిగ గిన్నె ఉంది. వీధి గుమ్మం వరకూ వెళ్ళింది. అరుగు మీద పీట, విస్తరి, అంతే. విస్తరి ఎడమవైపు ముద్ద పెట్టిన తడి మచ్చ ఉంది. ముద్ద తినేశాడు. మజ్జిగ మాత్రం పోసుకోలేదు. సందులో ఎవరూ లేరు. ఆ పూట ఆవిడ భోజనం చెయ్యలేదు. సాయంత్రం ఫిడేలు పెట్టె పట్టుకుని అతను సందులో నడిచి వెళ్తుండగా వీధి గుమ్మంలోంచి చూసేదాకా పొయ్యి కూడా వెలిగించలేదు.

మర్నాడు పంక్తి కూర్చుంది. లోపల ఐదుగురు, అరుగు మీద నలుగురు. జగదీశ్వరి అన్నం గిన్నె చంకనెత్తుకుని, వడ్డించే హస్తం పట్టుకుని వంటింట్లోంచి వచ్చింది. ఐదు విస్తళ్ళూ ఎదురుచూస్తున్నాయి. చంద్రశేఖరం మాస్టారు అలవాటు ప్రకారం చెయ్యి అడ్డం పెట్టి కొంచెం చాలన్నట్టు మొహం పెట్టాడు. ఆవిడ ఆ చెయ్యి పక్కనుంచి నడిచిపోయింది.

"ఏమేవ్," అన్నాడు కూర్మనాథం. "గడప."

"చూశాను," అని, దాటింది.

అరుగు మీద నలుగురూ ఆవిణ్ణి చూసి లేచి నిలబడబోయారు. కూర్చోమంది. అన్నం వేసింది. వెనక్కి వచ్చి పప్పు పట్టుకెళ్ళింది. కూర, పొడి, నెయ్యి, పులుసు, అన్నీ ముందు అరుగుకే. ప్రతిసారీ లోపలి పంక్తి ముందునుంచే వెళ్ళింది గానీ గిన్నె అక్కడ దించలేదు. అరుగు మీద మజ్జిగ అయ్యేదాకా ఉండి, జగన్నాధం ఎడమవైపు ముద్ద తినేదాకా చూసి, అప్పుడు లోపలికి వచ్చింది.

"చారు చల్లగా ఉందమ్మా," అన్నాడు మాస్టారు.

"అరుగు మీద వేడిగానే ఉందండి," అంది జగదీశ్వరి.

రెండు రోజులు అలాగే జరిగింది. మూడోనాడు నరసింగరావు, గదిలో ఉక్కగా ఉందంటూ, విస్తరి పట్టుకుని అరుగు మీదికి వెళ్ళి కూర్చున్నాడు. మార్గశిర మాసంలో ఉక్క ఏమిటని ఎవరూ అడగలేదు. నాలుగోనాడు ఇంకిద్దరికి ఉక్క పోసింది. మాస్టారు ఐదు రోజులు చల్లని చారుతో ధర్మం నిలబెట్టాడు. ఆరోనాడు ఆవ పెట్టిన కూర. ఆవకూర చల్లారితే ఘాటు పోతుందని ఆయనకి తెలుసు. అరుగు మీద ఒక్కొక్కళ్ళూ ముక్కులు ఎగబీల్చడం గదిలోకి వినిపిస్తోంది.

ఆ మధ్యాహ్నం కూర్మనాథం మళ్ళీ పుస్తకాలు దించాడు. ఈసారి అరగంటలో దొరికింది. తూర్పు ముఖంగా, ఆకాశం కనిపించే చోట భోజనం చెయ్యడం ఆయుర్వృద్ధి. వీధి అరుగు తూర్పున ఉంది. ముందు గదికి కిటికీ కూడా లేదు. ఇన్నాళ్ళూ లోపల కూర్చోబెట్టడమే పొరపాటు అన్నాడు. చంద్రశేఖరం మాస్టారు శ్రద్ధగా విని, దీనిమీద వ్యాసం రాయవచ్చన్నాడు. పాత వ్యాసం కాయితాల వెనకవైపు ఖాళీగానే ఉందిట.

పీటలన్నీ అరుగు మీదికి మారాయి. ముందు గదిలో బియ్యం బస్తాలు వేశారు. లోపలి పంక్తి అన్న పేరు బస్తాలకి వచ్చింది. ఎడమవైపు ముద్ద జగన్నాధంతోబాటు నరసింగరావు మాత్రం ఇప్పటికీ పెడుతున్నాడు. అలవాటైపోయిందిట. చివర్న ఆ ముద్ద లేకపోతే భోజనం అయినట్టు ఉండటం లేదుట. మాస్టారు పెట్టడు. కానీ ఆవకూర రోజున ఆయన విస్తరి ఎడమవైపు కొంచెం కూర మిగిలి ఉంటుంది. దాన్ని గురించి ఎవరూ అడగరు. ఎవరైనా అడగకుండా ఉండటమే ఆ హోటల్లో మర్యాద.

అందరూ వెళ్ళాక మూడు గంటల వేళ జగదీశ్వరి తన విస్తరి వేసుకుంది. పెరటి గుమ్మంలోంచి చూస్తే మరిడమ్మ నూతి పక్కన సత్తు గిన్నెలో తింటోంది. శాస్త్రం వీధి అరుగుదాకా నడిచి అలిసిపోయినట్టుంది. పెరటిదాకా ఇంకా రాలేదు. తరవాత ఓడలో వస్తుంది కాబోలు.

మరిడమ్మ గిన్నెలో ఎడమవైపు ఓ ముద్ద ఉంది.

"నీకెందుకే అది?" అంది జగదీశ్వరి.

"ఆల్లు అక్కడ ఆ దేశంలో ఉంచుతున్నారు కదమ్మా. పిల్ల ఇక్కడుండిపోతే ఇక్కడెవులుంచుతారు?"

జగదీశ్వరి మజ్జిగ గిన్నె పట్టుకుని పెరట్లోకి దిగింది.

"గిన్నె పట్టు," అంది. "మజ్జిగ పోసుకోకుండా లేవకు."